నాలుగు అంకెల బోర్డు, ఒక్క ఏసోబు

మా మండలాఫీసులో మంచినీళ్ళ కూజా ఉందని రుజువు చెయ్యాలంటే కూజా చూపిస్తే చాలదు. కూజా ఫోటో కావాలి. ఫోటో కింద తేదీ, టైము పడాలి. పొద్దున పదిన్నర లోపల కూజా, చీపురు, గోడ గడియారం, ఫ్యాను, తహసీల్దారు గారి కుర్చీ, అన్నీ ఫోటోలు తీసి ఫోన్లోంచి పై ఆఫీసుకు ఎక్కించాలి. ఫోటో ఎక్కనిది ఆఫీసులో లేనట్టే. ఒకసారి ఫ్యాను ఫోటో ఎక్కలేదు. ఆ రోజంతా ఫ్యాను తిరుగుతూనే ఉన్నా దాని కింద ఎవరూ కూర్చోలేదు. లేని ఫ్యాను గాలి ఎలా పీల్చారో చెప్పమని మెమో వస్తే జవాబు రాయలేమని వాళ్ళ భయం.

ఆ ఆఫీసుకు ఎదురుగా నాది రిపేరు కొట్టు. మా నాన్న బంగారానికి టంకం పెట్టేవాడు. నేను ఎనిమిదో తరగతిలో బడికి దణ్ణం పెట్టి బయటికొచ్చి తీగలకు టంకం పెడుతున్నాను. రెండు తరాలకీ టంకం మిగిలింది, బంగారమే మిగల్లేదు. టీవీలు బాగు చేయించుకునే వాళ్ళు తగ్గాక, చేతిలో పట్టే బుల్లి కంప్యూటర్లు, అదే మైక్రోకంట్రోలర్ బోర్డులు, తెప్పించుకుని, వాటికి పని చెప్పడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. అలా మండలాఫీసు టోకెన్ బోర్డు పని నాకు వచ్చింది.

ఎర్రటి అంకెలు నాలుగు, ఒక్కోటి జానెడు ఎత్తు. వాటిని వెలిగించడంలో ఒక కిటుకు ఉంది. ఒక్కో అంకెలో ఏడు పుల్లలు, ఒక చుక్క. నాలుగు అంకెలకూ విడివిడిగా తీగలు లాగితే ముప్ఫై రెండు కావాలి. చిన్న బోర్డుకు అన్ని కాళ్ళు లేవు. అందుకని నాలుగు అంకెలకూ అవే ఎనిమిది తీగలు కలిపి, ఏ అంకె వెలగాలో చెప్పడానికి ఇంకో నాలుగు పెడతాం. మొదటి అంకె వెలిగించి ఆర్పాలి, రెండోది వెలిగించి ఆర్పాలి, మూడు, నాలుగు, మళ్ళీ మొదటికి. ఇదంతా సెకనులో వంద సార్లు పైగా జరిగితే కన్ను మోసపోతుంది. ఏ క్షణం చూసినా వెలిగేది ఒక్కటే, చూసేవాడికి కనిపించేవి నాలుగు. కాస్త నెమ్మదిస్తే మాత్రం మిణుకుమిణుకుమంటాయి.

బోర్డు వెనక ఒక చిన్న మీట కూడా పెట్టాను. దాన్ని నొక్కి పట్టుకుంటే తిరుగుడు ఆగిపోయి ఏదో ఒక అంకె మీద నిలబడుతుంది. ఏ అంకెలో ఏ పుల్ల పాడైందో తీరిగ్గా చూసుకోవడానికి అది. మీట సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

సోమవారం బోర్డు బిగించి 1234 వెలిగించాను. హాల్లో జనం మెడలెత్తి చూశారు. జూనియర్ అసిస్టెంటు ఏసోబన్న ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. యాభై ఏడేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఫోటో చూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే కోటాచారీ, ఇదేందిరా? మూడు ఒక్కటే పడింది. మిగతావి ఏమైనయ్?"

కిటికీ వెలుతురుకు ఫోన్ కన్ను మరీ చురుగ్గా రెప్ప కొట్టింది. ఆ రెప్పపాటులో వెలుగుతున్నది మూడో అంకె ఒక్కటే. ఇంకోటి తియ్యమన్నాను. పొరపాటున కూడా నియమం తప్పని మనిషి ఏసోబన్న. "ఒక వస్తువుకు ఒకటే ఫోటో రా. రెండోది తీస్తే రెండో బోర్డు కింద లెక్క," అని ఆ ఫోటోనే పైకి ఎక్కించాడు.

మర్నాడు తహసీల్దారు పరాంకుశం గారి నుంచి పిలుపు. ఆయన మామూలు మాటలు మాట్లాడగా నేను వినలేదు. ఇంట్లో ఉప్పు తక్కువైనా 'పై విషయము దృష్ట్యా' అంటారని వాళ్ళ వంటమనిషి చెప్పేది.

"చూడండి ఆచారి గారూ. ఛాయాచిత్రమును పరిశీలించగా తేలినదేమనగా, నాలుగు అంకెలకు గాను మూడు అంకెలు విధులకు గైర్హాజరుగా ఉన్నవి. దీనిపై మీ సంజాయిషీ?"

"అవి యాడికీ పోలేదండీ. బోర్డు చూడండి, నాలుగూ ఉన్నయ్."

"నేను బోర్డును చూడజాలను. ఫైలులో ఉన్నది ఛాయాచిత్రము."

గత్యంతరం లేక కిటుకంతా చెప్పాను. ఒక్క అంకే వెలుగుతుందని, గిరగిరా తిరుగుతుందని, చూసేవాళ్ళకు నాలుగూ ఉన్నట్టు ఉంటుందని. మిణుకు కనపడితే వేగం పెంచితే సరిపోతుందని కూడా చెప్పాను. నా బతుకులో చేసిన తప్పులు రాస్తే ఒక దస్తా కాగితం పడుతుంది. ఆ చివరి మాట మొదటి పేజీలో ఉంటుంది.

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు.

"అనగా, ఏకకాలమున పనిచేయునది ఒకటే. ప్రజలకు మాత్రము నాలుగు పనిచేయుచున్నట్లు తోచును."

"అవునండీ."

"ప్రజలు ఫిర్యాదు చేయరు."

"అంకెల మీద ఎవరు చేస్తారండీ?"

ఆయన గది తలుపు అద్దంలోంచి హాలు వైపు చూశారు. అక్కడ నాలుగు కౌంటర్లు ఉన్నాయి. ఆదాయం, కులం, నివాసం, భూమి. నాలుగింటి దగ్గరా నలుగురు గుమాస్తాలు. ఆ చూపు నాకు నచ్చలేదు. కానీ నచ్చలేదని చెప్పడానికి నేనెవరు?

గురువారం గోడకు ఉత్తర్వు అతికించారు. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

'ప్రజాహిత దృష్ట్యా, మానవ వనరుల పొదుపు దృష్ట్యా, ఈ కార్యాలయమునందు భ్రమణ సేవా విధానము ప్రవేశపెట్టడమైనది. ఇకమీదట ఒక ఉద్యోగి నాలుగు కౌంటర్లను వరుసగా అలంకరించును. తగిన వేగము పాటించినచో నాలుగు కౌంటర్లయందును సిబ్బంది ఉన్నట్లు ప్రజలకు తోచును. తోచనివారు కార్యాలయమును వేగముగా చూడవలెను.'

తిరగడానికి ఏసోబన్నను ఎంపిక చేశారు, లేటుగా ఉద్యోగంలో చేరిన ఆయన పేరు సీనియారిటీ జాబితాలో అందరికన్నా కింద ఉండడం వల్ల. మిగిలిన ముగ్గురినీ మేడ మీద గదిలోకి మార్చి, దానికి 'భ్రమణ పర్యవేక్షణ విభాగము' అని బోర్డు తగిలించారు. ఏసోబన్న సరిగా తిరుగుతున్నదీ లేనిదీ ముగ్గురూ పైనుంచి రాసుకుంటారు. గంట కొట్టే పని నా బోర్డుకే అప్పగించారు. దానికి ఒక చిన్న బెల్లు తగిలించి, పదిహేను నిమిషాలకోసారి మోగేలా పెట్టాను. బెల్లు మోగితేనే ఏసోబన్న లేవాలి. మోగకుండా లేస్తే క్రమశిక్షణ చర్య. మోగినా లేవకపోతే అది కూడా క్రమశిక్షణ చర్యే.

ఇక్కడిదాకా అయితే జనం సర్దుకుపోయేవాళ్ళు. మన జనం సర్దుకుపోనిది ఏముంది? కానీ ప్రభుత్వాఫీసులో సీటు మారితే చార్జి అప్పగించాలి. దిగేవాడు 'అప్పగించితిని' అని, ఎక్కేవాడు 'స్వీకరించితిని' అని, సీటులోని వస్తువుల జాబితాతో సహా రాసి సంతకం చెయ్యాలి. ఏసోబన్న నియమం తప్పని మనిషని ముందే చెప్పాను. బెల్లు మోగగానే ఆదాయం కౌంటరు ఏసోబు కులం కౌంటరు ఏసోబుకు చార్జి రాసిచ్చేవాడు. తర్వాత పక్క కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఆ కాగితం తీసుకుని ఒకటికి రెండుసార్లు చదివేవాడు.

"స్టేప్లరు ఒకటి, రబ్బరు ముద్రలు రెండు, గుండుసూదులు నలభై," అని లెక్క పెట్టి, ఒకసారి తల గోక్కున్నాడు. "ముప్ఫై తొమ్మిదే ఉన్నయ్."

"నువ్వేగా అన్నా అప్పగించింది?" అన్నాను.

"అందుకే నమ్మకం లేదురా," అని మళ్ళీ లెక్క పెట్టాడు.

ఒక్కో చార్జికి పన్నెండు నిమిషాలు పట్టేది. పనికి మిగిలేవి మూడు. మూడు నిమిషాల్లో ఒక అర్జీ పైనుంచి కింది దాకా చదవొచ్చు. సంతకం దగ్గరికి వచ్చేసరికి బెల్లు.

శుక్రవారం జనం గొణిగారు. మూడు కుర్చీలు ఖాళీగా కనపడుతున్నాయని ఒక పెద్దాయన నేరుగా తహసీల్దారు గదిలోకే వెళ్ళి అడిగాడు. పరాంకుశం గారు వెంటనే నన్ను పిలిపించారు.

"మిణుకు కానవచ్చుచున్నది. మిణుకు కానవచ్చిన యెడల వేగము పెంచవలెనని తమరే సెలవిచ్చియున్నారు."

"అది అంకెలకండీ. అంకెలకు మోకాళ్ళు ఉండవు."

"సూత్రము సూత్రమే. అయిదు నిమిషములకు తగ్గించండి."

తగ్గించాను. అయిదు నిమిషాల్లో పన్నెండు నిమిషాల చార్జి ఎలా పడుతుందని ఎవరూ అడగలేదు. పట్టలేదు. బెల్లు మోగేటప్పటికి ఏసోబన్న చార్జి మధ్యలో ఉండేవాడు, ఆ సగం చార్జిని పక్క కౌంటరుకు చార్జిగా రాసేవాడు. పూర్తిగా ఏ కౌంటరూ స్వీకరించని మనిషి ఏ కౌంటరులోనూ సంతకం పెట్టకూడదు. దాంతో పని మొత్తం ఆగిపోయింది. బోర్డు మీద నంబరు కదలడం మానేసింది. ఆగింది 1438 దగ్గర.

అది నా కూతురు భార్గవి టోకెను.

భార్గవికి జిల్లా నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. మా వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి. సోమవారం పొద్దున ఆదాయ ధ్రువపత్రం చేతిలో పెడితేనే సీటు నిలుస్తుంది, లేకపోతే వరసలో తర్వాతి పిల్లకు వెళ్ళిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి బోర్డు మీద ఎర్రగా దాని నంబరే. పిలుపు వచ్చిందంటే వచ్చింది. కౌంటరు ముందు నిలబడిందంటే నిలబడింది. ఏసోబన్న దాని కాగితం చేతిలోకి తీసుకోవడం, బెల్లు మోగడం.

"తల్లీ, ఒక్క చుట్టు తిరిగొస్తా," అనేవాడు.

"నాలుగు చుట్లయింది పెదనాన్నా."

"నేనేం చేసేది తల్లీ? మీ నాన్ననడుగు, ఆ గంట కట్టింది ఆయనేగా."

భార్గవి నా వైపు చూసింది. ఏసోబన్న వదిలేసిన కాగితం తీసుకుని మళ్ళీ కౌంటరు ముందు నిలబడింది.

నేను పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాను. రేపు శనివారం, సెలవు లేదు గాబట్టి కనీసం ఒక గంట బెల్లు ఆపమన్నాను. ఆయన మునుపెన్నడూ లేనంత సంతోషంగా ఉన్నారు.

"ఆచారి గారూ, రేపు జిల్లా నుండి పరిశీలనాధికారిణి గారు మన విధానమును వీక్షించుటకు వేంచేయుచున్నారు. జిల్లా అంతటికీ ఆదర్శము కావచ్చును. ఈ శుభసందర్భమున వేగము తగ్గించుటయా? ఒక నిమిషమునకు మార్చండి."

"సారూ, ఏసోబన్న పడిపోతాడు."

"పడినచో ఏ కౌంటరు వద్ద పడెనో నమోదు చేయబడును."

శనివారం పది గంటలకు నిమిషం బెల్లు మొదలైంది. అరిగిన మోకాళ్ళతో ఏసోబన్న లేచేవాడు, కూర్చోకముందే మళ్ళీ మోగేది. పదకొండుకల్లా చార్జి రాయడం కూడా మానేసి, చేతిలో పెన్ను పైకెత్తి పట్టుకుని నడుస్తున్నాడు, ఎవరికో దారి చూపిస్తున్నట్టు. జనం నవ్వడం మానేసి చాలాసేపయింది. కులం కౌంటరు ముందు ఒకావిడ ఆయనకు నీళ్ళ సీసా అందించబోతే, ఆయన తాగేలోపు నివాసం కౌంటరుకు వెళ్ళిపోయాడు. సీసా పట్టుకుని ఆవిడ వెంట నడిచింది.

భార్గవి ఆదాయం కౌంటరు ముందు గోడకు ఆనుకుని నిలబడింది. కాగితం చివర చెమటకు మెత్తబడింది. "శనివారం పన్నెండింటికే మూసేస్తారు నాన్నా," అంది.

స్టూలు లాక్కుని బోర్డు కింద వేశాను. పైకెక్కాను. ఏదో బాగు చేస్తున్నవాడిలా స్క్రూ డ్రైవరు నోట్లో కరుచుకుని, చెయ్యి వెనక్కి పోనిచ్చాను. ఏసోబన్న చుట్టు తిరిగి ఆదాయం కౌంటరు కుర్చీలో కూర్చునే దాకా ఆగి, మీట నొక్కాను.

తిరుగుడు ఆగింది. ఏ అంకె మీద ఆగుతుందో నా చేతిలో లేదు. మూడో అంకె మీద ఆగింది. ఒకటి, నాలుగు, ఎనిమిది ఆరిపోయి, మూడు ఒక్కటే, మిగతా వాటి వెలుగు కూడా తానే తాగినట్టు భగ్గున మండింది. బెల్లు కూడా ఆ బోర్డుదే కదా, అది మోగలేదు.

నిమిషం గడిచింది. ఏసోబన్న సగం లేచి, గాల్లో అలాగే నిలబడి నా వైపు చూశాడు.

"మోగలేదేందిరా?"

నోట్లో స్క్రూ డ్రైవరు తీయకుండానే అన్నాను. "మోగితేనే గదన్నా లేవాల్సింది."

"మోగకుండా లేస్తే చర్య."

"అదే చెప్తన్నా. కూర్చో."

కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడాల్సింది. గుండుసూదులు ఒక్కసారే లెక్క పెట్టాడు. నలభై ఉన్నాయి. చార్జి పూర్తిగా స్వీకరించాడు. మెడలో వేలాడే తహసీల్దారు గారి డిజిటల్ సంతకం కీ తీసి కంప్యూటరుకు గుచ్చాడు. ఆ కీ పరాంకుశం గారు ఎప్పుడు చూశారో ఆయనకే గుర్తుండదు. పదకొండు నిమిషాలకు ప్రింటరు గుర్రుమంది. భార్గవి రెండు చేతులతో ధ్రువపత్రం అందుకుని, ఆరలేదేమోనని ఊదింది.

అప్పుడే చెయ్యి తీసెయ్యొచ్చు. నా పని అయిపోయింది. కానీ భార్గవి వెనకాల వరసలో ఉన్న పెద్దాయన, ఎందుకో తెలియకపోయినా, నా స్టూలు కాళ్ళు కదలకుండా పట్టుకున్నాడు. బొటనవేలు అలాగే ఉంచాను. ఏసోబన్న వరస పెట్టి పంతొమ్మిది మందికి పత్రాలు ఇచ్చాడు. ఇరవయ్యో మనిషి కాగితం ఇచ్చేసరికి జీపు వచ్చింది.

పరిశీలనాధికారిణి గారు, వెనక పరాంకుశం గారు. బోర్డు మీద ఒక్క అంకె చూసి ఆయన మొహం పాలిపోయింది. మీట వదిలేద్దామనుకున్నాను. వేలు మొద్దుబారి నా మాట వినలేదు.

"నాలుగు అంకెల బోర్డని రాశారు. ఒక్కటే వెలుగుతోందే?" అని ఆవిడ ఫైలు తెరిచారు. అందులో ఏసోబన్న తీసిన ఫోటో ఉంది. మూడో స్థానంలో ఎర్రగా మూడు, మిగతాదంతా చీకటి. ఆవిడ ఫోటో చూశారు, బోర్డు చూశారు. మళ్ళీ ఫోటో చూశారు.

"అచ్చంగా సరిపోయింది," అన్నారు. "ఇరవై రెండు మండలాలు తిరిగాను. ఫైలులో ఉన్న ఫోటో, గోడ మీద ఉన్న వస్తువు ఒకేలా ఉండడం ఇదే మొదటిసారి."

పరాంకుశం గారికి రంగు తిరిగొచ్చింది. "అంతయు తమ ఆశీర్వాదము."

ఆవిడ హాలు కూడా ఒక ఫోటో తీసుకున్నారు. ఒక వస్తువుకు ఒకటే ఫోటో. అందులో నాలుగు కుర్చీలు, ఒక ఏసోబు పడ్డారు. మేడ మీద పర్యవేక్షణ చేస్తున్న ముగ్గురూ కిటికీలోంచి వంగి మరీ చూస్తున్నారు గానీ, ఫోటోలో పడలేదు.

భార్గవి సోమవారం కాలేజీలో చేరింది. ఆ సంగతి ఇక్కడితో అయిపోయింది, దానికి ఎవరి ఫోటో అక్కర్లేకపోయింది.

రెండు వారాలకు మూడు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, ఛాయాచిత్రమున కానరాని మూడు పోస్టులు రద్దు. రెండు, పరాంకుశం గారికి ఆదర్శ అధికారి ప్రశంసాపత్రం, దాంతోపాటు ఇంకో మూడు మండలాల అదనపు బాధ్యత. ఇప్పుడాయన నాలుగు ఆఫీసుల మధ్య జీపులో తిరుగుతున్నారు. ఎప్పుడు వెళ్ళినా ఇప్పుడే వెళ్ళారంటారు. మిణుకు కానవచ్చుచున్నదని పైనుంచి మెమో కూడా వచ్చిందట, వేగం పెంచమని.

మూడోది నాకు. 'ఛాయాచిత్రమును బట్టియు, ప్రత్యక్ష పరిశీలనను బట్టియు, బోర్డునందు ఒక అంకె మాత్రమే వినియోగమున ఉన్నట్లు రుజువైనది. కావున మిగులుగా ఉన్న మూడు అంకెలను ఊడదీసి, ప్రభుత్వ ఆస్తి అగుటచే ఏడు రోజులలోగా కార్యాలయమునకు వాపసు చేయవలెను.'

ఊడదీశాను. టంకం పెట్టిన చేత్తోనే టంకం కరిగించాను. బోర్డు మీద ఒక్క అంకె మిగిలింది. ఒక్క అంకెకు టోకెన్లు సున్నా నుంచి తొమ్మిది దాకే. సున్నా అధికారి గారికి కేటాయించారు. మిగిలింది రోజుకు తొమ్మిది మంది. ఇప్పుడు మా ఆఫీసులో వరస లేదు, గొడవ లేదు. ఏసోబన్న ఒకే కుర్చీలో కూర్చుని పదకొండుకల్లా తొమ్మిదిమంది పనీ ముగించి మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. గేటు బయట ఎంతమంది ఉన్నా హాలు ఫోటో మాత్రం చాలా ప్రశాంతంగా వస్తోంది.

మూడు అంకెలూ జేబులో వేసుకుని వాపసు ఇద్దామని వెళ్ళాను.

"టోకెనేదిరా?" అన్నాడు ఏసోబన్న.

"మీ వస్తువు మీకిచ్చి పోడానికి కూడానా అన్నా?"

"దేనికైనా టోకెను ఉండాల్సిందే. ఇయ్యాల తొమ్మిదీ అయిపోయినయ్. రేపు రా."

రేపు వెళ్ళాను. ఎల్లుండి వెళ్ళాను. రాత్రే వచ్చి గేటు దగ్గర పడుకునేవాళ్ళకే ఆ తొమ్మిదీ సరిపోవడం లేదు. ఏడు రోజుల గడువు దాటి నెలయింది. ప్రభుత్వ ఆస్తి దగ్గర ఉంచుకున్నందుకు సంజాయిషీ అడిగారు. అది ఇవ్వడానికి కూడా టోకెను కావాలి.

నిన్న భార్గవి ఫోన్ చేసి, "ఆఫీసుకు అన్నిసార్లు ఎందుకు పోతన్నావ్ నాన్నా?" అని అడిగింది. నిజమే చెప్పాను. నాలుగంకెలు ఉన్నప్పుడు ఆ బోర్డు తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందిని పిలవగలిగేది. ఇప్పుడు తొమ్మిది మందిని పిలుస్తోంది. మిగతా తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై మందీ నా చొక్కా జేబులో ఉన్నారు. ఎవరికప్పగించాలో తెలియక మోసుకు తిరుగుతున్నాను.